వాడపల్లి దగ్గర కృష్ణలో రబ్బరు చేపకు ఎన్ని గ్రాముల జిగ్ హెడ్ కట్టాలె?

మిర్యాల_గాలం (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. ఎర్రలు, పిండి ముద్దలతో గాలమేసుడు చిన్నప్పటి సంది అలవాటే. ఈ నడుమ రబ్బరు చేపల దిక్కు మళ్లిన. రాడ్ 7 అడుగులది, దాని మీద 5–21 గ్రాములు అని రాసున్నది. దారం పీఈ 1.5 బ్రెయిడ్ (సన్న పోగులతోని అల్లిన దారం, 1.5 అంటే మందం నంబరు). 3 అంగుళాలవి, 4 అంగుళాలవి ప్యాడిల్ టెయిల్స్ (తెడ్డు తోక రబ్బరు చేపలు) ఉన్నయి. జిగ్ హెడ్లు, అంటే తల కాడ సీసం గుండు పోసిన ముళ్లు, అన్నీ కలిసిన డబ్బా ఒకటి తెప్పించిన: 3.5, 5, 7, 10, 14 గ్రాములు.

నేను ఎక్కువ పోయేది వాడపల్లికి, మూసీ వచ్చి కృష్ణల కలిసే కాడికి. ఒక్కోనాడు నీళ్లు కదలకుండ నిలబడి ఉంటయి. ఇంకోనాడు సాగర్ కాడ నీళ్లిడుస్తరు, పారకం గట్టిగుంటది. పారే రోజు 3.5 గ్రాములది అడుగు తగలకముందే కొట్టుకపోయి ఒడ్డుకొస్తది. 14 ఏస్తే బండల సందుల ఇరుక్కుంటది, దారం తెంపుడే. మళ్ల సామాన్లు తెప్పియ్యాలె. ఏ బరువులు ఎక్కువ తీసుకోమంటరు? నాకు వాలుగ, కొర్రమట్ట రెండిటి మీదా మనసున్నది. కాబట్టి చేపను బట్టి గూడ చెప్పుండ్రి.

బీచుపల్లి_బండ (గద్వాల)

తమ్మీ, మంచి ప్రశ్న అడిగినవ్. అయితే బరువు చేపను చూసి కాదు, నీళ్లను చూసి ఎంచుకోవాలె. పది కిలోల వాలుగకు పెద్ద బరువు, అద్దకిలో జెల్లకు చిన్న బరువు అని ఉండదు. లోతెంత, పారకమెంత, గాలెంత, నీ దారం మందమెంత, కట్టిన ప్లాస్టిక్ (రబ్బరు చేప) ఎంత పెద్దది. ఈ అయిదే లెక్క.

నేను పాటించేది ఒక్కటే: అడుగు తగిలినట్టు చేతికి తెలిసే బరువుల్ల అన్నిటికన్న తక్కువది. అంతకన్న ఒక్క మెట్టు పైది కట్టినా బండలు మింగుతయి. ఒక్క మెట్టు కిందిది కడితే చేప ఉన్న కాడికి ఎర పోదు.

అడుగు తగిలింది ఎట్ల తెలుస్తదంటే, విసిరినంక రీలు మూసెయ్, దారాన్ని మరీ బిగువు చెయ్యకు, మరీ వదులు ఇడువకు. రాడ్ కొన నుంచి నీళ్ల దాక దారం ఎట్ల ఉన్నదో అదే చూస్తుండు. ఎర దిగుతున్నంత సేపు దారం సన్నగ గుంజుతుంటది. అడుగు తాకంగనే ఒక్కసారి వదులైతది. ఆ వదులు కనబడేదాక ఒకటి, రెండు అని మనసుల లెక్కపెట్టుకో. అదే చోట మళ్ల ఏసినప్పుడు లెక్క తొందరగ తెగిందంటే చేప నడుమల పట్టిందన్నట్టు. ఆలోచించకుండ కొట్టెయ్యాలె. చాలా వాలుగలు దిగేటప్పుడే పడతయి, గుంజేటప్పుడు కాదు.

బీచుపల్లి వంతెన కింద, జూరాల దిగువన ఎండకాలం నీళ్లు తగ్గి బండలు తేలినప్పుడు, మనిషెత్తు లోతు నీళ్లల్ల నేను 5, 7 గ్రాములే వాడుత. పారకం ఉండి లోతు రెండు మనుషులెత్తు ఉంటే 10. 14 అయితే గేట్లు మూసినంక ఇంకా నీళ్లు బలంగ పోతున్నప్పుడు, లోతు మడుగుల్లకు మాత్రమే. నీ డబ్బల 7, 10 తొందరగ ఖతమైతయి చూడు. వాటినే ఎక్కువ తెప్పించుకో.

ఇంకోటి. పారే నీళ్లల్ల నేరుగ ఎదురుంగ విసరకు. కొంచెం ఎగువకు ఏటవాలుగ విసురు. ఎర దిగుకుంట దిగుకుంట నీ ఎదుటికి వచ్చేసరికి అడుగుల ఉంటది. అదే 7 గ్రాములది దిగువకు ఏస్తే పారకం దాన్ని పైకి లేపుతది, 14 కట్టినా అడుగు తగలదు. విసిరే దిక్కు మార్చుడు బరువు మార్చుడు కన్న పెద్ద పని చేస్తది.

హాలియా_చిన్నోడు (హాలియా)

అన్నా, ప్యాకెట్ల మీద 1/8, 1/4, 3/8 అని ఉంటది. గ్రాములల్ల ఎంత?

బీచుపల్లి_బండ (గద్వాల)

అవి ఔన్సులు. ఔన్సు అంటే 28 గ్రాములకు కొంచెం ఎక్కువ. 1/16 అంటే పావు తక్కువ రెండు గ్రాములు, 1/8 అంటే 3.5, 3/16 అంటే 5 పైన, 1/4 అంటే 7, 3/8 అంటే పదిన్నర, 1/2 అంటే 14, 3/4 అంటే 21. చీప్ జిగ్ హెడ్లు చెప్పిన బరువు ఉండవు. నగల దుకాణం వాళ్ల చిన్న తూకం దొరికితే ఒకసారి తూచి డబ్బ మీద రాసుకో.

ఫిజిక్స్_సార్ (నల్లగొండ)

పై పోస్టులో చెప్పినది అక్షరాలా సరైనది. దాని వెనక ఉన్న లెక్క నేను చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఏది కొనాలో మీకే అర్థమవుతుంది.

నీటిలో దిగే వస్తువు ఒక స్థిర వేగానికి చేరుకుంటుంది. బరువు కిందికి లాగుతుంది, నీటి నిరోధం పైకి తోస్తుంది. ఆ నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఒకే ప్లాస్టిక్ మీద బరువును రెండింతలు చేస్తే దిగే వేగం రెండింతలు కాదు, సుమారు 1.4 రెట్లు మాత్రమే. రెండింతల వేగం కావాలంటే బరువు నాలుగింతలు కావాలి. మీ డబ్బాలో 3.5 నుంచి ఏకంగా 14కి వెళ్తే తప్ప దిగే వేగం రెట్టింపు కాదు. 5 నుంచి 7కి మారితే తేడా ఆరో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. నిలిచిన నీటిలో ఆ తేడా కంటికి ఆనదు. చేప దగ్గరగా ఉండి సందేహిస్తున్నప్పుడు మాత్రం ఆనుతుంది.

ఇక పారకం. దాని వేగం రెండింతలైతే దారం మీద, ప్లాస్టిక్ మీద పడే తోపుడు నాలుగింతలు. అందుకే మిర్యాల_గాలం గారికి నిలిచిన రోజు చక్కగా పనిచేసిన బరువు నీళ్లు వదిలిన రోజు పూర్తిగా పనికిరాకుండా పోతోంది. పారకం కొంచెం పెరిగినట్టే కనిపిస్తుంది, కానీ దాని బలం కొంచెం పెరిగినట్టు ఉండదు.

ఇందులో అందరూ మర్చిపోయేది దారం. ఎగిరే గాలిపటం దారం ఎలా బొజ్జ వేస్తుందో నీటిలో మీ దారమూ అలాగే విల్లులా వంగుతుంది. 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం వాడితే, పీఈ 1.5 బ్రెయిడ్ కన్నా దాని మందం సుమారు 1.7 రెట్లు. నీరు తోసే తోపు కూడా అదే లెక్కన ఎక్కువ. నైలాన్ మీద 10 గ్రాములు చేసే పని సన్న బ్రెయిడ్ మీద 7 గ్రాములు చేస్తుంది. మీది ఇప్పటికే 1.5 కాబట్టి పారే నీటికి బాగానే ఉంది. పీఈ 1కి దిగితే ఇంకా తేలిక బరువుతో అడుగు తగులుతుంది. కాని వాడపల్లి బండలకు అంత సన్నది రుద్దుకుని తెగుతుంది. నేనైతే దింపను.

కొర్రమట్ట_కాకా (పానగల్)

నేను వేరే మాట చెప్తా. మీరంత లోతు, పారకం అంటున్నరు. కొర్రమట్టకు అవేవీ అక్కర్లేదు.

కొర్రమట్ట గాలి పీల్చే చేప. మొప్పలతోనే దానికి సరిపోదు, నీళ్ల మీదికొచ్చి ఒక గుటక గాలి మింగిపోతది. అందుకే అది ఒడ్డు దగ్గర్ల, తుంగల, తామరాకు కింద, గుర్రపు డెక్క అంచున పొంచి ఉంటది. అక్కడ లోతు మోకాలెత్తు, నడుమెత్తు. అక్కడ 10 గ్రాముల జిగ్ హెడ్ ఏస్తే బురదల కూరుకపోతది, నాచంతా తలకు చుట్టుకొని వస్తది. జిగ్ హెడ్డే తీసి పక్కన పెట్టాలె.

నేను వాడేది ఆఫ్‌సెట్ హుక్ (మెడ కాడ వంపున్న ముల్లు), దానికి 4 అంగుళాల తోక చీలిన తిన్నని రబ్బరు చేప. ముల్లు కొనను మళ్ల ప్లాస్టిక్ ఒంట్ల గుచ్చి దాచిపెడతా, నాచు పట్టదు. బరువు ఏమీ ఉండదు. ఉప్పు కలిపి చేసిన ప్లాస్టిక్ అయితే దాని బరువుకే మెల్లగ ఊగుకుంట దిగుతది, ఆ ఊగుడుకే చేప లేస్తది. గాలి ఉండి విసరడం కష్టమైతే, పొట్ట కాడ 2, 3 గ్రాముల సీసం పోసిన హుక్కులు దొరుకుతయి, అవి కడతా. తలకు కాకుండ పొట్టకు బరువుంటే ఎర ముక్కు కిందికి పెట్టి పడిపోదు, అడ్డంగనే దిగుతది. నాచు మీద అయితే బోలు రబ్బరు కప్ప, అంతే.

మా ఉదయసముద్రం చెరువుల ఏఎమ్మార్పీ కాల్వ నీళ్లు వచ్చి మట్టం మారుతుంటది. నీళ్లు ఎక్కినప్పుడు కొత్తగ మునిగిన గడ్డిలకు కొర్రమట్ట దూరుతది. అప్పుడు ఒడ్డు కాడికే విసురుండ్రి, నడిమికి కాదు.

ఒక్క విన్నపం. వానాకాలం మొదలైనంక నీళ్ల మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ముద్ద ముద్దగ తిరుగుతుంటది. దాని కిందనే తల్లో తండ్రో కాపలా ఉంటది. ఆ గుంపు మీదికి ఏ ఎర ఏసినా అది వచ్చి కొడతది. ఆకలికి కాదు, పిల్లలను కాపాడుకోవాలని. దాన్ని పట్టుకపోతే ఆ పిల్లలన్నీ జిలేబీలకు, పరిగెలకు తిండి అయిపోతయి. మన రాష్ట్ర చేప అది. ఆ గుంపు కనబడితే దయచేసి అక్కడ గాలం ఏయకుండ్రి.

వల_గుండు (దామరచర్ల)

కాకా చెప్పిన చివరి మాటకు వెయ్యి దండాలు. మా ఇంట్ల వలలే బతుకు. పిల్లల గుంపు కనబడితే మా నాయన పుట్టి పక్కకు తిప్పేటోడు.

సోమశిల_నీళ్లు (కొల్లాపూర్)

శ్రీశైలం వెనుక జలాల్లో వేసేవాడిగా బీచుపల్లి అన్నతో కొంచెం విభేదిస్తున్నాను. అన్నిటికన్నా తక్కువ బరువు అనే సూత్రం నదికి బాగుంటుంది. పెద్ద రిజర్వాయర్‌కు సరిపోదు. సోమశిల దగ్గర ఒడ్డు నుంచి పది అడుగులు దాటితే నిట్టనిలువు లోతు. మధ్యాహ్నం నుంచి గాలి ఎదురు కొడుతుంది. 5 గ్రాములతో అక్కడ విసిరితే దారం గాల్లోనే బొజ్జవేస్తుంది, ఎర పడేది సగం దూరమే. పడినా అడుగు చేరేసరికి ఒడ్డుకు వచ్చేస్తుంది. నేను 14తో మొదలుపెడతాను, అవసరమైతే 21. బండలకు తట్టుకోవడం నిజమే, కాని 7 గ్రాములతో చేప లేని నీళ్లను రోజంతా జల్లించడం కన్నా అదే నయం.

ఇంకోటి, వేగంగా పడే ఎరకు రెచ్చిపోయే చేపలుంటాయి. మెల్లగా దిగేదాన్ని వదిలేసి, టపీమని పడి లేచేదాన్ని పట్టుకుంటాయి. చలికాలం తెల్లటి నీళ్లల్లో ఇది చూశాను.

బీచుపల్లి_బండ (గద్వాల)

నువ్వు చెప్పింది నా మాటే కదా! 40 అడుగుల లోతుల, ఎదురుగాలికి అడుగు తెలిసే బరువుల్ల తక్కువది 14 అయితే 14 కట్టు. 7 తెలుస్తుంటే 7 కట్టు. గాలిని కూడా లెక్కల పెట్టమని మొదలే అన్న.

వేగంగ పడే ఎర మాట మాత్రం ఒప్పుకుంట. నీళ్లు తేటగ ఉన్నప్పుడు చేప దూరం నుంచి చూసి వస్తది, దానికి ఆలోచించే సమయం ఇయ్యకపోవుడు మంచిదే. కాని జూలై, ఆగస్టుల కృష్ణ ఎర్రగ వస్తదే, ఆ నీళ్లల్ల చేప కంటితో వెతకదు. నీటి కదలికను ఒంటితో పసిగడతది. అప్పుడు మెల్లగ దిగి, తోక గట్టిగ కొట్టే లావు ప్యాడిల్ టెయిల్ ఉండాలె. 7 గ్రాముల మీద 4 అంగుళాలది. వేగం పెరిగితే అది వెతికే లోపే ఎర దాటిపోతది.

సోమశిల_నీళ్లు (కొల్లాపూర్)

సరే అన్నా, ఆ ఎర్ర నీళ్ల సంగతి మాకు తెలియదు. మా దగ్గరికి వచ్చేసరికి మన్ను చాలావరకు దిగిపోతుంది.

డిండి_దారి (దేవరకొండ)

మిర్యాల_గాలం తమ్ముడూ, ఎవరూ అడగలేదు గాని నీ రాడ్ మీద 5–21 అని ఉంది కదా, అది జిగ్ హెడ్ బరువు కాదు. జిగ్ హెడ్, ప్లాస్టిక్ రెండూ కలిపి. 4 అంగుళాల లావు ప్యాడిల్ టెయిల్ ఒక్కటే 8 నుంచి 10 గ్రాములు తూగుతుంది. దానికి 14 తగిలిస్తే 22 నుంచి 24 గ్రాములు. నీ రాడ్ హద్దు దాటింది. గట్టిగా ఊపి విసిరితే కొన విరగొచ్చు. 4 అంగుళాలదానికి నీ రాడ్ మీద 10 గ్రాములే పై హద్దు అనుకో. 14 కట్టాలనిపిస్తే 3 అంగుళాలది వెయ్యి.

అట్లే కింది హద్దు కూడా. 3 అంగుళాల సన్నది మూడు నాలుగు గ్రాములుంటుంది, దానికి 3.5 కలిపితే 7. రాడ్ వంగుతుంది, విసరవచ్చు. రెండూ కలిపి 5 కన్నా తక్కువైతే రాడ్ సరిగా వంగదు, రీలు నుంచి దారం జారదు.

బరువు మార్చకుండా కూడా దిగే వేగం మార్చుకోవచ్చు. ప్యాడిల్ టెయిల్, తోక చుట్టలా ఉండే గ్రబ్ నీటిని పట్టుకుంటాయి, మెల్లగా దిగుతాయి. తిన్నటి తోకది అదే జిగ్ హెడ్ మీద తొందరగా దిగుతుంది. జేబులో ఒకే 7 గ్రాములవి ఉన్నా తోకలు రెండు రకాలు ఉంచుకుంటే రెండు బరువులు ఉన్నట్టే. నేను డిండి మత్తడి కింద వేసేటప్పుడు ఇదే చేస్తాను, ముళ్లు మళ్లీ మళ్లీ కట్టే పని తప్పుతుంది.

ఫిజిక్స్_సార్ (నల్లగొండ)

అక్క చెప్పిన తోక సంగతి నేను రాయాల్సింది. పై లెక్కలో ఒకే ప్లాస్టిక్ మీద అన్నది అందుకే. ఆకారం మారితే లెక్క మొత్తం మారుతుంది.

మీ సొంత అంకెలు తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. ఊళ్లో గిలక బావి ఉంటే దారాన్ని నీటి పైనుంచి అడుగు దాకా వదిలి లోతు కొలుచుకోండి. తర్వాత మీ దగ్గరున్న ఒక్కో జిగ్ హెడ్‌కు ఒక్కో ప్లాస్టిక్ కట్టి, రీలు తెరిచి, నీటి పైనుంచి వదులుగా జారనివ్వండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని దారం వదులయ్యే దాకా చూడండి. లోతును క్షణాలతో భాగిస్తే వేగం. నది ఒడ్డున తర్వాత ఎనిమిది లెక్క పెట్టారంటే ఎన్ని అడుగుల నీరుందో అక్కడికక్కడే తెలుస్తుంది. బావి గట్టు మీద పిల్లలను మాత్రం దగ్గరికి రానివ్వకండి.

హాలియా_చిన్నోడు (హాలియా)

సార్, టంగ్‌స్టన్ గుండ్లు మంచియంటరు కద. మస్తు ధర ఉన్నది. ఏమన్న ఫరక్ పడతదా?

ఫిజిక్స్_సార్ (నల్లగొండ)

సీసం సాంద్రత నీటికి 11.3 రెట్లు. శుద్ధ టంగ్‌స్టన్ 19 రెట్లు పైన. కనుక అదే బరువుకు టంగ్‌స్టన్ గుండు మూడో వంతు కన్నా ఎక్కువగా చిన్నది. నీటిలో 10 గ్రాముల సీసం 9.1 గ్రాముల పని చేస్తుంది, టంగ్‌స్టన్ 9.5. బరువులో లాభం అంతే. అసలు లాభం రెండు చోట్ల. చిన్నది కాబట్టి నాచులోకి, సందుల్లోకి సులువుగా దూరుతుంది. గట్టిది కాబట్టి రాయి తగిలితే టక్కుమని రాడ్‌కు తెలుస్తుంది. సీసం మెత్తన, ఆ చప్పుడును మింగేస్తుంది.

బీచుపల్లి_బండ (గద్వాల)

చిన్నోడా, బండల నదిల పోగొట్టుకునేదానికి టంగ్‌స్టన్ ఎందుకు? తుంగల, నాచుల టెక్సాస్ రిగ్ ఏసేటోళ్లకు ఒకటో రెండో ఉంటే చాలు. నువ్వు ఆ పైసలు పెట్టి మంచి ముల్లున్న జిగ్ హెడ్లు కొను. చీప్ వాటిల బరువు కొంచెం అటిటున్నా నడుస్తది, ముల్లే తిన్నగ సాగుతది. వాలుగ ఒక్కసారి తల తిప్పిందంటే తెలుస్తది.

వల_గుండు (దామరచర్ల)

విసురు వల అంచుకు కట్టే సీసం గుండ్లు వలల దుకాణంల కిలో లెక్కన దొరుకుతయి. నడుమ తొర్ర ఉంటది. దారం అండ్లకెల్లి దూర్చి, ఆఫ్‌సెట్ హుక్ కట్టి, దానికి రబ్బరు చేప తొడిగితే మీరనే టెక్సాస్ రిగ్గే అది. ఒక్కటి ఎక్కిస్తే కొంచెం బరువు, రెండెక్కిస్తే ఇంకొంచెం. పోయినా బాధ ఉండదు. తొర్ర అంచు గరుకుగ ఉంటే దారం కోస్తది, చిన్న ఆకురాయితోని నున్నగ చేసుకోండ్రి. లేకపోతే ముడి ముందల ఒక పూస ఎక్కించుండ్రి.

సీసాన్ని పంటితో నొక్కకుండ్రి. మావోళ్లు నొక్కేటోళ్లు, ఇప్పుడు మా పిల్లలకు ఆ అలవాటు కానిస్తలేము. చెయ్యి కడుక్కోకుండ అన్నం ముట్టొద్దు. ఇంట్ల పొయ్యి మీద సీసం కరగపెట్టి జిగ్ హెడ్లు పోసుకుందమని వీడియోలు చూసి మొదలుపెట్టకుండ్రి. ఆ పొగ పిల్లలకు మంచిది కాదు. అచ్చుల తడి ఉంటే కరిగిన సీసం ఎగజిమ్ముతది, కండ్లు పోతయి.

గాలమోళ్లకు మేము చెప్పేది ఇంకొకటున్నది. నదిల, ప్రాజెక్టులల్ల మావి వలలు ఉంటయి. బెండ్లు వరసగ తేలుతుంటే కింద వల ఉన్నట్టు. మీ లూర్ దానికి తగిలితే మీ దారం తెంపుకోండ్రి, మా వల కోయకుండ్రి. ఒక వల తయారు చేసుకునుడంటే మాకు చాలా పెట్టుబడి. సంఘం వాళ్లు ఒడ్డు మీదనే ఉంటరు, ముందుగాల ఒక మాట అడిగి ఏస్తే ఎక్కడ బండలున్నయి, ఎక్కడ మడుగున్నది, అన్నీ చెప్తరు. ఏ యాప్‌ల గూడ ఆ సంగతులు ఉండయి.

మిర్యాల_గాలం (మిర్యాలగూడ)

అన్నా, మీరు దామరచర్లేనా! వాడపల్లిల మూసీ కలిసే కాడి నుంచి దిగువకు మడుగు ఎక్కడుంటదో జర చెప్పరాదుండ్రి?

వల_గుండు (దామరచర్ల)

ఇక్కడ రాస్తే మా బతుకు మీదికే వస్తది తమ్మీ. గుడి దిక్కు ఒడ్డు మీదికి రా, చూపిస్త. పొద్దుగాల వలలు తీసే టైంకు రా.

నీళ్లిడిసే సంగతి గూడ విను. పైన పవర్ హౌస్ నడిపిస్తే నీళ్లు చప్పుడు లేకుండ ఎక్కుతయి. ముందుగాల నురుగు, ఎండుటాకులు తేలుకుంటొస్తయి. తరువాత ఒడ్డు రాయి మీద తడి గీత పైకి పోతది. అది చూసిన వెంటనే సామాను సర్దుకో. నది నడుమ బండ మీద కూసొని ఏసేటోళ్లకు వెనక్కి దారి ఉండదు. ఎంత మంచిగ చేపలు పడుతున్నా నడుమ బండ మీదికి పోవద్దు.

బీచుపల్లి_బండ (గద్వాల)

జూరాల కింద కూడ ఇదే సంగతి. సైరన్ ఇనబడే దాక ఆగొద్దు. మా దిక్కు మొసళ్లు కూడ ఉన్నయి. నీళ్లల్ల దిగి ఇరుక్కున్న లూర్ తీసే పని అస్సలు పెట్టుకోవద్దు.

ఇరుక్కున్నప్పుడు ఏం చెయ్యాలో చెప్త, ఎందుకంటే ఇది కూడ బరువు కథే. గుండ్రటి తల జిగ్ హెడ్ రెండు రాళ్ల సందుల దొర్లి పడి గట్టిగ కూసుంటది. అడ్డంగ పొడుగున్న తల, ఫుట్‌బాల్ అంటరు, అది రాళ్ల మీద దొర్లదు, సందుల దిగదు. వాడపల్లికి 10 గ్రాములవి అట్లాంటియే తీసుకో. తగిలినట్టు అనిపియ్యంగనే గుంజకు. గుంజితే ముల్లు ఇంకా లోపలికి పోతది. దారం వదులు చేసి, రాడ్ కొనను చిన్నగ టకటక ఆడించు. రాకపోతే పది అడుగులు ఎగువకు నడిచి అవతలి దిక్కు నుంచి లాగు. ఎట్ల పోయిందో అట్లనే వస్తది. అప్పటికీ రాకపోతే తెంపాలె. బ్రెయిడ్‌ను చేతికి చుట్టి గుంజితే వేలు కోసేస్తది, ఒక కట్టె ముక్కకు చుట్టి గుంజు.

అడుగున ఈడ్చే అలవాటు ఉంటే మానుకో. లేపు, దించు. రాడ్‌ను నెమ్మదిగ ఒక జానెడు లేపి, మళ్ల దారం వదులు కాకుండ దించు. ఎర గంతులేసినట్టు పోతది. తేలిక బరువు ఎక్కువ సేపు నీళ్లల్ల తేలుతది, బండకు తక్కువ సేపు ఆనుతది.

డిండి_దారి (దేవరకొండ)

ప్లాస్టిక్‌ల నిల్వ గురించి కూడా ఒక ముక్క, మన ఎండలకు ఇది ముఖ్యం. మే నెలలో బండి డిక్కీలో రబ్బరు చేపలు వదిలేస్తే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి, నూనె కారుతుంది, తోకలు వంకర పోతాయి. వంకర తోక సరిగా కొట్టదు, ఎంత సరైన బరువు కట్టినా నీళ్లల్లో గిరగిరా తిరుగుతూ వస్తుంది, దారం మెలిపడుతుంది. వాటిని వచ్చిన ప్యాకెట్‌లోనే తిన్నగా ఉంచి నీడలో పెట్టండి. వంకర పోయినవాటిని వేడి నీళ్లల్లో ముంచి, తిన్నగా పరిచి చల్లారనిస్తే చాలావరకు సరవుతాయి.

సాగదీస్తే ఎంతైనా సాగి తెగని కొత్త రకం ప్లాస్టిక్‌లు వస్తున్నాయి, టీపీఈ అంటారు. అవి నీళ్లల్లో తేలుతాయి. చిన్న జిగ్ హెడ్ కట్టినప్పుడు తల అడుగున ఆని తోక పైకి నిలబడుతుంది, జెల్లలకు మంచి ఎర. కాని తేలే గుణం వల్ల అదే బరువు మీద మెల్లగా దిగుతాయి, అది గుర్తుంచుకోవాలి. వాటిని మామూలు ప్లాస్టిక్‌లతో ఒకే డబ్బాలో పెట్టారంటే రెండూ కరిగి ముద్దవుతాయి.

మిర్యాల_గాలం (మిర్యాలగూడ)

అందరికీ మస్తు కృతజ్ఞతలు. ఇగ నేను తెప్పిద్దామనుకున్నది ఇది. 7 గ్రాములవి ఎక్కువ, 10 గ్రాముల ఫుట్‌బాల్ తలవి అంతకు కొంచెం తక్కువ, 5వి కొన్ని. 14 ఉన్నవే చాలు, 3 అంగుళాలవాటికి వాడుకుంట. కొర్రమట్టకు ఆఫ్‌సెట్ హుక్కులు, పొట్ట బరువువి నాలుగు. గుండ్లు దామరచర్ల అన్న చెప్పిన వలల దుకాణంలనే తీసుకుంట. హుక్కు సైజు ఎంతుండాలె? వాలుగకు లీడర్ (బ్రెయిడ్ కొనకు కట్టే మందపు దారం) ఎంత మందం కట్టాలె?

కొర్రమట్ట_కాకా (పానగల్)

4 అంగుళాలదానికి 3/0 లేకపోతే 4/0. 3 అంగుళాలదానికి 1/0 నుంచి 2/0. ముల్లు కొన ప్లాస్టిక్ నడుమకు రావాలె, తోకకు దగ్గరైతే తోక ఆడదు.

బీచుపల్లి_బండ (గద్వాల)

లీడర్ 30 నుంచి 40 పౌండ్లది, చేతి బారెడు పొడుగు. వాలుగ నోట్ల సన్న పండ్లు వరసలు వరసలుగ ఉంటయి, ఆకురాయి తీరుగ దారాన్ని అరగదీస్తయి. చేప పట్టిన ప్రతిసారి లీడర్‌ను గోటితోని తడిమి చూడు, గరుకుగ ఉంటే అంత మేర కోసి మళ్ల కట్టు. లావు లీడర్ కట్టినప్పుడు దిగుడు కొంచెం మెల్లగైతది. 7 అడుగు తెలుపకపోతే అప్పుడు 10కి పో.

వాలుగలు తగ్గిపోతున్నయి తమ్మీ. ప్రపంచం లెక్కల కూడ అది ముప్పు జాబితాల పడ్డది. చిన్నవి పడితే వదిలెయ్. పండ్లల్ల వేలు పెట్టకుండ పొడుగు పకడుతోని ముల్లు తియ్, నీళ్లల్లనే పట్టుకొని తియ్.

వల_గుండు (దామరచర్ల)

ఆదివారం వస్తవా, సోమారమా? ముందుగాల చెప్పు. నీళ్లు ఇడిసే రోజైతే నేనే వద్దంట.